నొప్పుల సూదికి రెండర్థాలు

పోయిన సంక్రాంతికి దోమ వెళ్ళినప్పుడు మా చిన్నమ్మ కూతురు నన్నొక మాట అడిగింది. అప్పుడు దానికి ఏడో నెల, మొదటి కాన్పు. వాకిట్లో మంచమ్మీద కూర్చుని ఇద్దరం పచ్చి కందికాయలు ఒలుస్తున్నాం.

"అక్కా, నీ కాన్పుకు పట్నంల నొప్పుల సూది ఇచ్చిన్రంట గద?"

"అవునే, ఇచ్చిన్రు."

"మరి నొప్పులు బాగెక్కువైనయా?"

ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కావడానికి నాకు కాస్త టైం పట్టింది. దాని లెక్కలో నొప్పుల సూది అంటే నొప్పులు తెప్పించే సూది. రాకపోతే రప్పించడానికి, మందంగా ఉంటే పెంచడానికి సెలైన్‌లో కలిపి ఎక్కించే ఆక్సిటోసిన్. నాకిచ్చింది ఎపిడ్యూరల్, నొప్పి తగ్గించేది. పేరొకటే, పనులు ఎదురెదురు. మొదటి అర్థం ఊళ్ళో అందరికీ తెలుసు. రెండో అర్థం ఒకటుందని ముగ్గురు పిల్లల తల్లులకి కూడా తెలీదు. లోపల్నుంచి వింటున్న చిన్నమ్మ, "నొప్పి తెల్వకుండ గావాల్నంటె పెద్దాపరేషనే గద బిడ్డా" అంది.

అంటే ఆ వాకిట్లో ఒక గర్భిణి ముందు కనిపిస్తున్న దార్లు రెండే. ఓర్చుకోవడం, లేదా కోయించుకోవడం. ఆ రెంటి మధ్యా ఉన్నవేవీ అక్కడి దాకా రాలేదు.

నేను ఉద్యోగరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. రాత్రిళ్ళు పుస్తకాల మీద రాస్తుంటాను. ఇన్నాళ్ళూ రాసినవి కవిత్వం గురించీ కథల గురించీ. హైదరాబాద్ తిరిగొచ్చాక దాని ప్రశ్న పట్టుకుని నా అల్మారా ముందు నిలబడ్డాను. తెలుగులో పురిటినొప్పి గురించి ఇంత రాసుకున్నాం కదా, ఇందులో దానికి పనికొచ్చే వాక్యం ఎక్కడుంది? ఈ వ్యాసం ఆ వెతుకులాటే. మామూలుగా సాహిత్య విమర్శలోకి రాని కాగితాలు కొన్ని కూడా మధ్యలో చదువుతాను. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కదా.

*

ముందు మన నోట్లో నానే మాటలు. ఆడదానికి కాన్పు పునర్జన్మ అంటాం. అందులో గౌరవం ఉంది, చావు అంచుదాకా వెళ్ళి రావడం మామూలేనన్న ఒప్పుకోలు కూడా ఉంది. ప్రసూతి వైరాగ్యం అంటాం. పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యంతో జతచేసి చెప్పే మాట ఇది. నొప్పులప్పుడు ఇంక జన్మలో వద్దంటుంది, రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ కడుపుతో ఉంటుంది అని నవ్వుకోవడానికి. ఆ మాట పుట్టించినవాళ్ళకి ఆమె నొప్పికంటే ఆమె మతిమరుపు మీద ఆసక్తి ఎక్కువ. ఎలాగూ మర్చిపోతుంది కాబట్టి అప్పుడేమంటోందో వినక్కర్లేదన్నమాట.

ఇక రచయితలు. పుస్తకాల ముందుమాటల్లో "పురిటినొప్పులు పడి రాశాను" అని చెప్పుకున్న మగ కవుల్ని లెక్కపెట్టడం నేను మానేశాను. ఆ పోలికలో నొప్పి ఎంత పెద్దదైతే సృష్టి అంత గొప్పది. నొప్పి తగ్గించుకోవచ్చు అంటే ఆ పోలికే కూలిపోతుంది.

సినిమాల సంగతి మీకు తెలుసు. కెమెరా భర్తతో పాటు వరండాలో ఉండిపోతుంది. తలుపు మీద ఎర్ర బల్బు, లోపల్నుంచి ఒక కేక, తర్వాత పసిబిడ్డ ఏడుపు. డాక్టర్ బయటికొచ్చి చేతులు తుడుచుకుంటుంది. లోపల ఎవరు ఏం చేశారో, ఆమెని ఏమడిగారో, అసలు ఏమైనా అడిగారో లేదో మనకి తెలీదు. తెలుసుకోవాలని మనకీ అనిపించదు, ఎందుకంటే కథ వరండాలో నడుస్తోంది.

తెలుగులో ఆ తలుపు తెరిచిన రచనల్లో నాకు మొదట గుర్తొచ్చేది కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవిత. స్త్రీవాద కవిత్వం తెలుగులో బలంగా వచ్చిన 1980ల చివర, 90ల మొదటి రోజులవి. ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' సంకలనం 1993లో వచ్చింది. ఒళ్ళు గురించి ఆడవాళ్ళు రాస్తే బూతన్నవాళ్ళూ, ఇది కవిత్వమే కాదన్నవాళ్ళూ ఉన్నారు. ఆ గొడవలన్నీ మనం క్లాసుల్లో, సభల్లో విన్నవే. నేను ఇక్కడ శీర్షిక ఒక్కటే పట్టుకుంటాను.

'ప్రసవవేదన' అని పెట్టొచ్చు. 'మాతృత్వం' అని పెట్టొచ్చు. ఆమె 'లేబర్ రూం' అని పెట్టింది. అదే కాలంలో పాటిబండ్ల రజని రాసిన కవిత పేరు 'అబార్షన్ స్టేట్‌మెంట్'. రెండూ ఆస్పత్రి మాటలే, ఆఫీసు కాగితాల మీద కనిపించే ఇంగ్లీషు మాటలే. అవి తెలుగు కవిత్వంలోకి రావడం భాష మీద నిర్లక్ష్యంతో జరగలేదు. వేదన అంటే అది ఆమె లోపల ఉంటుంది, లేదా నుదుటి మీద రాసి ఉంటుంది. రూం అంటే దానికో తలుపుంటుంది, లోపల సిబ్బంది ఉంటారు, నియమాలుంటాయి, మందుల బీరువా ఉంటుంది, దానికో తాళం ఉంటుంది. నొప్పి ఒక గదిలో జరిగే విషయమైతే ఆ గదిలో ఎవరున్నారు, ఏముంది, ఏం లేదు అని అడగొచ్చు. నుదుటి రాతని ఎవరూ ఏమీ అడగలేరు. ఆ శీర్షిక చేసిన పెద్ద పని ఇదేనని నాకనిపిస్తుంది.

మరి ఆ తర్వాత మనం ఏం చేశాం? ఆ కవితని సాక్ష్యంగా చదివాం. అనుభవ ప్రామాణికత అన్నాం, దేహ రాజకీయాలన్నాం. నేను కూడా ఒకప్పుడు అచ్చం ఇలాంటి మాటలతోనే ఒక వ్యాసం రాసి లైకులు లెక్కపెట్టుకున్నాను. కవిత తలుపు తీసి పట్టుకుని నిలబడితే, మేము గడప దగ్గరే నిలబడి తలుపు చెక్కడాన్ని మెచ్చుకున్నాం. లోపలికెళ్ళి అడగాల్సిన మామూలు ప్రశ్న, 'ఈమెకి నొప్పి తగ్గించడానికి ఏమేం ఉన్నాయి, ఆ సంగతి ఈమెకి ఎవరైనా చెప్పారా?' అన్నది, సాహిత్య ప్రశ్నలా కనపడలేదు. సాక్ష్యం చెప్పడంతో కవిత పని అయిపోయింది. విన్నాక ఏం చేశామన్నది మన లెక్క.

*

ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, కాకపోతే మనం సాహిత్యం అనుకోని అరలో. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన 1991లో 'సవాలక్ష సందేహాలు' అని ఆడవాళ్ళ ఆరోగ్యం మీద ఒక పుస్తకం తెచ్చింది. డాక్టర్ వీణా శత్రుఘ్న లాంటి వైద్యులూ, వైద్యులు కాని ఆడవాళ్ళూ కలిసి చేసిన పని అది. తర్వాత దాని ఇంగ్లీషు రూపం పెంగ్విన్ ద్వారా 2004లో వచ్చింది.

ఇదే సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు తమ నోటితో చెప్పిన కథలు. అజ్ఞాతంలో కాన్పులు, కన్న బిడ్డల్ని వదులుకోవాల్సి రావడం కూడా అందులో ఉన్నాయి. ఆ పుస్తకాన్ని సాహిత్యం వాళ్ళూ చరిత్ర వాళ్ళూ ఇద్దరూ చదువుతారు. ఆరోగ్యం పుస్తకాన్ని మాత్రం 'ఉపయోగకరమైన పుస్తకం' అని పక్కన పెట్టేశాం. నాకు రెండింటి వెనకా ఒకటే పద్ధతి కనిపిస్తుంది. ఆడవాళ్ళని అడగడం, వాళ్ళు చెప్పింది నమ్మడం, దాన్ని వాళ్ళు చదవగలిగే తెలుగులో పెట్టడం.

పేరు చూడండి. సలహాలు అనలేదు, సూచనలు అనలేదు. సందేహాలు. మన ఆరోగ్య సాహిత్యం ఎక్కువగా విధ్యర్థకంలో మాట్లాడుతుంది. 'ఆకుకూరలు తినండి', 'ఐరన్ మాత్రలు వేసుకోండి', 'బరువులు ఎత్తకండి'. సందేహం అన్నప్పుడు మాట్లాడే మనిషి మారిపోతుంది. అడిగేది ఆమె. జవాబు చెప్పాల్సింది అవతలివాళ్ళు. దోమలో కందికాయలు ఒలుస్తూ మా చెల్లెలు చేసింది ఇదే. సవాలక్షలో ఒక సందేహం అది.

*

ఇప్పుడు నేను చెప్పిన ఆ వేరే కాగితాలు. మొదటిది నా కాన్పప్పుడు నేను సంతకం పెట్టిన అంగీకార పత్రం. ఆస్పత్రి పేరు అనవసరం, చాలాచోట్ల ఇంతే. నేను ఇంగ్లీషు మీడియం ఇంజనీర్ని, రోజూ స్పెసిఫికేషన్లు చదివి బతికేదాన్ని. ఎపిడ్యూరల్ అన్న మాట అప్పటిదాకా విన్నది మాత్రం అమెరికన్ సీరియళ్ళలో. తొమ్మిది నెలల చెకప్‌లలో ఎవరూ ఆ ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. ఆ కాగితం నా చేతికి వచ్చేసరికి నొప్పులు నాలుగు నిమిషాలకొకటి వస్తున్నాయి. రెండు పేజీల సన్నటి ఇంగ్లీషు. చివర్లో 'ఈ విషయాలు నాకు అర్థమయ్యే భాషలో వివరించారు' అన్న వాక్యం. నొప్పికీ నొప్పికీ మధ్య దొరికిన సందులో సంతకం పెట్టాను. ఫోన్‌లో యాప్ అప్‌డేట్‌కి 'ఐ అగ్రీ' నొక్కినట్టు. ఆ ఇంజెక్షన్ నాకు చాలా మేలు చేసింది. కానీ నేను దాన్ని ఎంచుకున్నానని మాత్రం చెప్పలేను. ఎంచుకోవడం అనే పని ఏడో నెలలో జరగాలి, కుర్చీలో కూర్చుని, ఒళ్ళు మన మాట వింటున్నప్పుడు.

రెండోది హోర్డింగ్. నగరంలో రోడ్ల మీద 'పెయిన్‌లెస్ డెలివరీ' అనో, 'నొప్పి లేని కాన్పు' అనో బోర్డులు మీరూ చూసుంటారు. ఆ మాట ఫలితాన్ని వాగ్దానం చేసి పద్ధతిని దాచిపెడుతుంది. ఏ మందు, ఎవరిస్తారు, ఎంత తగ్గుతుంది, ఎవరికి పనికిరాదు అన్నవి ఉండవు. పైగా పూర్తిగా నొప్పి లేకుండా జరగకపోతే తనకే ఏదో లోపం ఉందని ఆ తల్లి అనుకుంటుంది.

మూడోది మా చెల్లెలి తల్లీబిడ్డల రక్షణ కార్డు. దాన్ని నేను నవల చదివినంత శ్రద్ధగా చదివాను. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, మాత్రలు, ధనుర్వాతం టీకా, ప్రమాద సూచనలు, పుట్టాక బిడ్డకి వెయ్యాల్సిన టీకాలు. నిజంగా ప్రాణాలు కాపాడే కాగితం అది, వెక్కిరించడానికి లేదు. కానీ నేను చూసిన ఆ కార్డులో నొప్పులు ఎప్పుడు ప్రమాదమో ఉంది, నొప్పిని ఏం చెయ్యొచ్చో లేదు. కార్డు దృష్టిలో నొప్పి ఒక సంకేతం మాత్రమే. అది ఒక మనిషికి కలిగేది అన్న స్పృహ ఆ గళ్ళలో ఎక్కడా పట్టలేదు.

కవితలో నొప్పి ఉంది, మార్గాలు లేవు. కార్డులో కాన్పు ఉంది, నొప్పి లేదు. హోర్డింగ్‌లో మార్గం ఉంది, నిజం లేదు. అంగీకార పత్రంలో అన్నీ ఉన్నాయి, టైం లేదు.

*

అందుకని నేనే ఒక కాగితం రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే తెలిసింది, దీనికి కావలసిన భాష తెలుగులో ఎప్పట్నుంచో ఉంది. మనం ఏకవచనం, బహువచనం వేరువేరుగా వాడతాం. నొప్పి, నొప్పులు. 'నొప్పులు మొదలైనయ్' అంటే గర్భసంచి ముడుచుకుని బిడ్డని కిందికి తోసే పని మొదలైందని. 'నొప్పి' అంటే ఆ పని జరుగుతున్నప్పుడు ఆమె పడే బాధ. డాక్టర్లు తంటాలుపడి చెప్పే తేడా మన వ్యాకరణంలో మా అవ్వకి కూడా తెలిసినంత తేలిగ్గా ఉంది. ఆక్సిటోసిన్ నొప్పుల సూది, ఎపిడ్యూరల్ నొప్పి సూది. మా చెల్లెలికి ఫోన్‌లో ఇదే చెప్పాను. "నొప్పులుంటయ్, నొప్పి తగ్గుతది." అవతల కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "గట్ల గూడ ఉంటదా?" అంది.

కాగితంలో ఏం రాశానో టూకీగా చెప్తాను, ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో కూడా నా లాగా డిగ్రీలుండి ఇవి తెలీనివాళ్ళు ఉంటారని నా అనుమానం.

మొదటివి మందు లేనివి. పక్కన నమ్మకమైన ఒక మనిషి ఉండటం, పడుకునే ఉండకుండా నడవడం, కూర్చోవడం, పక్కకి తిరగడం, నడుము మీద గట్టిగా రుద్దించుకోవడం, వేడినీళ్ళ కాపడం, ఊపిరి మీద ధ్యాస. ఇవి నొప్పిని తీసెయ్యవు, తట్టుకునే శక్తిని పెంచుతాయి. తోడు మనిషి గురించి అయితే కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పు గదిలోకి ఒక ఆడతోడును రానివ్వాలని చెప్పింది.

తర్వాత గ్యాస్. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగం సగం కలిపింది. మాస్కు ఆమె చేతిలోనే ఉంటుంది, నొప్పి మొదలవగానే పీల్చుకోవచ్చు, చాలనుకుంటే తీసెయ్యొచ్చు. కాస్త తల తిరగొచ్చు, వాంతి వచ్చినట్టుండొచ్చు. నొప్పి కొంతే తగ్గుతుంది, కానీ త్వరగా ఎక్కి త్వరగా దిగిపోతుంది.

తర్వాత కండరానికో నరానికో ఇచ్చే పెథిడిన్, ట్రమడాల్ లాంటి సూదులు. నొప్పి పదును కొంత తగ్గిస్తాయి, మత్తుగా ఉంటుంది, వికారం రావచ్చు. పెథిడిన్ లాంటివి కాన్పుకి మరీ దగ్గర్లో ఇస్తే పుట్టిన బిడ్డ ఊపిరి కాస్త మందగించొచ్చు, అందుకని టైం చూసి ఇస్తారు.

చివరిది ఎపిడ్యూరల్. మత్తు డాక్టర్ నడుము కిందిభాగంలో, వెన్నెముక సందులోంచి సన్నటి గొట్టం పెట్టి మందు ఎక్కిస్తారు. పావుగంటలో, ఇరవై నిమిషాల్లో పనిచేస్తుంది. వీటన్నిట్లో నొప్పిని బాగా తగ్గించేది ఇదే. ఆమె మెలకువగానే ఉంటుంది, తోస్తున్న ఒత్తిడి తెలుస్తుంది. బీపీ పడిపోవచ్చు కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి. దురద, వణుకు, జ్వరం రావచ్చు. మూత్రానికి గొట్టం పెట్టాల్సి రావచ్చు. బిడ్డని తోసే దశ కాస్త సాగొచ్చు. నూటికి ఒకరికి తర్వాత కొన్నాళ్ళు గట్టి తలనొప్పి రావచ్చు. నరానికి దెబ్బ తగలడం చాలా అరుదు. రక్తం గడ్డకట్టడంలో తేడాలున్నవాళ్ళకి, సూది వేసేచోట ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి ఇవ్వరు.

ఊళ్ళో వినే రెండు భయాల గురించి విడిగా రాశాను. ఒకటి, నడుంలో సూది వేయించుకుంటే జన్మంతా నడుంనొప్పి అని. రెండోది, ఈ సూది వేస్తే చివరికి ఆపరేషనే అని. ఎన్నో పరీక్షల ఫలితాల్ని కలిపి చూసిన 2018 కొక్రేన్ సమీక్ష రెండూ నిజం కాదని చెప్పింది. సిజేరియన్లు పెరగలేదు, దీర్ఘకాలం నడుంనొప్పీ పెరగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది ఇచ్చిన సూచనల్లో, ఆరోగ్యంగా ఉన్న గర్భిణి నొప్పి తగ్గించమని అడిగితే ఎపిడ్యూరల్‌ని ఒక మార్గంగా సిఫారసు చేసింది. ఆ వాక్యంలో నాకు ముఖ్యమైన మాట 'అడిగితే'. పేరే తెలీని దాన్ని ఎవరు అడుగుతారు?

నడుము సూది భయంలో ఒక విచిత్రం ఉంది. పెద్దాపరేషన్‌కి కూడా ఎక్కువగా ఇచ్చేది నడుంలో సూదే. మనవాళ్ళు దాన్ని ఎప్పుడో ఒప్పుకున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వాస్పత్రుల్లో 44.5 శాతం. దేశం మొత్తానికి 21.5 శాతం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, ముహూర్తాలూ ఆస్పత్రుల ఆదాయాలూ అందులో ఉన్నాయి. నొప్పి భయం కూడా ఉందని మా చిన్నమ్మ ఒక్క వాక్యంలో చెప్పేసింది. నొప్పి తెలియకుండా ఉండాలంటే ఆమెకి తెలిసిన దారి అదొక్కటే. 'నార్మల్ కాన్పులు పెంచాలి' అని చెప్పే ప్రతి పోస్టరూ నొప్పి గురించి మాట్లాడకపోతే, ఆ మంచి లెక్క తాలూకు ఖర్చంతా ఆ తల్లి మీదే వేసినట్టు.

*

కాగితం పంపిన రెండు రోజులకి ఫోనొచ్చింది. "మంచిగ రాసినవ్ అక్కా. గని ఇవన్ని మా దవఖానల ఉంటయా?"

నా దగ్గర జవాబు లేదు. విమర్శకురాలిగా నేను ఇరుక్కున్నది ఇక్కడే. లేనిదాని గురించి చెప్పి ఆశ పెట్టడం తప్పా? ఎపిడ్యూరల్ ఒక్క సూది కాదు. అది తెలిసిన మత్తు డాక్టర్ రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలి, బీపీనీ బిడ్డ గుండెనీ చూస్తూ ఒక నర్సు ఉండాలి. మండల కేంద్రంలోని పీహెచ్‌సీ నుంచి అది ఆశించడం కష్టం. పెద్దాస్పత్రుల్లో కూడా మత్తు డాక్టర్ ఎక్కువగా ఆపరేషన్ థియేటర్‌కే సరిపోతారు.

ఇది పరాయి దేశం సరుకు కాబట్టి ఆలస్యమవుతోందని మాత్రం అనలేం. ఎడిన్‌బరోలో సింప్సన్ కాన్పుల్లో క్లోరోఫామ్ వాడింది 1847లో. విక్టోరియా రాణి 1853లో జాన్ స్నో చేత అది ఇప్పించుకుని ఎనిమిదో బిడ్డని కంది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు కూడా గడవకుండానే క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చే ప్రయోగాలు హైదరాబాద్‌లో జరిగాయి. ఆరో నిజాం డబ్బిచ్చాడు, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. 1888, 1889లలో జరిగిన ఆ హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ల గురించి లండన్‌లో లాన్సెట్ పత్రిక చర్చించింది. అదే కాలంలో ఈ నగరంలో వైద్యం చదివి మత్తు ఇవ్వడంలో పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో మొదటి మహిళా మత్తు వైద్యురాలని చెప్తారు. ఆ ఊరి నుంచి దోమకి బస్సులో రెండున్నర మూడు గంటలు. ఆ కబురు మాత్రం నూట ముప్ఫై ఏళ్ళుగా ఇంకా దారిలోనే ఉంది.

ఆలోచించి దానికి చెప్పాను. అన్నీ ఉండవు. కొన్ని ఉంటాయి. తోడు మనిషికీ, నడవడానికీ, వేడినీళ్ళకీ మత్తు డాక్టర్ అక్కర్లేదు, ఒప్పుకునే నర్సు చాలు. అలాంటి నర్సుల్ని తయారుచెయ్యడానికే 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడు దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు వచ్చాయి. ఇక లేనివాటి గురించి, ఉన్నాయా అని అడగడం కూడా ఒక పనే. అడిగేవాళ్ళు లేనిచోట 'లేదు' అని చెప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ రాదు. అందుకని ఆ కాగితం వెనక నాలుగు ప్రశ్నలు రాశాను. నొప్పి తగ్గించడానికి మీ దగ్గర ఏమేం ఉన్నాయి? రాత్రి కూడా ఉంటాయా? మా అమ్మ లోపలికి రావచ్చా? నడవనిస్తారా?

తొమ్మిదో నెల చెకప్‌లో అది అడిగింది. సూది లేదన్నారు, గ్యాస్ లేదన్నారు. అమ్మ రావచ్చన్నారు. నడవడం సంగతి అప్పుడు చూద్దామన్నారు. పక్కన బెంచీ మీద కూర్చున్న ఇంకో ఇద్దరు ఆ కాగితం ఏందని అడిగి ఫోన్లో ఫోటో తీసుకున్నారట.

మార్చిలో ఆడపిల్ల పుట్టింది, నార్మల్‌గానే. చిన్నమ్మ మొత్తం పద్నాలుగు గంటలూ లోపలే ఉంది. నేను శనివారం చూడ్డానికి వెళ్ళాను. "ఎట్లుండెనే?" అనడిగాను, కొంచెం భయపడుతూనే.

"నొప్పి నొప్పే అక్కా. మస్తు గోసైంది. గని ఏమైతుందో నాకెర్క. అమ్మ నడుము రుద్దుకుంటనే ఉండె."

కాసేపయ్యాక దిండు కింద్నుంచి నా కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయింది. ఒకచోట వేలు పెట్టి చూపించింది. మందు లేని పద్ధతుల దగ్గర నేను 'ఇవి పాటించినా కొంత అసౌకర్యం ఉండవచ్చు' అని రాశాను.

"గిది తీసెయ్" అంది.

"మరేం రాయాలె?"

"నొప్పి ఉంటదని రాయి."

ఇన్నేళ్ళు పుస్తకాల్లో తప్పులు పట్టినదాన్ని, ఆ మాట నాకు తట్టలేదు. కొట్టేసి దిద్దాను.